గేట్ రెండోసారి రాస్తున్నారా? ముందు పాత రెస్పాన్స్ షీట్ తీయండి

ప్రశ్న: నమస్కారం సార్. మాది ఏలూరు దగ్గర ఒక పల్లెటూరు. బీటెక్ సివిల్ అయ్యాక ఏడాది కోచింగ్ తీసుకుని ఈ ఫిబ్రవరిలో గేట్ (ఎంటెక్ సీట్లకి జాతీయ స్థాయి పరీక్ష) రాశాను. 42 మార్కులు వచ్చాయి, స్కోరు 490. వరంగల్ ఎన్‌ఐటీలో స్ట్రక్చరల్ చేయాలని నా కోరిక. కౌన్సెలింగ్‌లో అది అందలేదు. ప్రస్తుతం హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో సైట్ ఇంజనీర్‌గా చేస్తున్నాను. పొద్దున తొమ్మిదికి వెళ్తే రూముకి చేరేసరికి ఏడున్నర. ఆదివారం ఒక్కటే సెలవు. మళ్ళీ రాసి 600 అయినా తెచ్చుకోవాలని ఉంది. కోచింగ్ నోట్సు తెరిస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, పరీక్షలో కూర్చుంటే మాత్రం చేతికి రావు. మొదటి పేజీ నుంచి మళ్ళీ చదవాలా? ఉద్యోగం మానేసి ఇంకో కోచింగ్‌లో చేరాలా? ఈసారి తగ్గితే ఉన్న స్కోరు కూడా పోతుందా? రెస్పాన్స్ షీట్‌ని (నేను పెట్టిన జవాబుల కాగితం) కీతో సరిచూశాను. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచే ఎంసీక్యూల్లో ఒక మార్కువి 5, రెండు మార్కులవి 8 తప్పు. న్యాట్‌లు (జవాబు అంకెని మనమే టైప్ చేసేవి), ఎంఎస్‌క్యూలు (సరైన ఆప్షన్లన్నీ ఎంచాల్సినవి) కలిపి 14 తప్పు. 7 ప్రశ్నలు వదిలేశాను, అందులో 4 న్యాట్‌లు, ఒకటి లెవెలింగ్ లెక్క. ఆప్టిట్యూడ్‌లో 15కి 8, మ్యాథ్స్‌లో 13కి 5. స్ట్రక్చర్స్ ఇష్టం కాబట్టి ఎక్కువ టైమ్ దానికే ఇచ్చాను. ఎన్విరాన్‌మెంటల్, జియోమాటిక్స్ (సర్వేయింగ్) పైపైన చూశాను. మొన్న ఒక మాక్ టెస్ట్‌లో సాయిల్ మెకానిక్స్ న్యాట్‌కి 0.60 కొట్టాను, కీలో 0.38 ఉంది. ఎన్నిసార్లు చేసినా నాకు 0.60 వస్తోంది.
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా మీ భయం సంగతి చెప్తానమ్మా. గేట్ స్కోరు ఫలితాలు ప్రకటించిన రోజు నుంచి మూడేళ్ళు చెల్లుతుంది. వచ్చే ఫిబ్రవరిలో ఇంతకంటే తక్కువ వచ్చినా ఈ 490 ఎక్కడికీ పోదు. ఎంటెక్ అడ్మిషన్లకి చెల్లుబాటులో ఉన్నవాటిలో మెరుగైనది వాడుకోవచ్చు. ప్రభుత్వ రంగ సంస్థల (పీఎస్‌యూ) ఉద్యోగాల దారి వేరు, ఏ సంవత్సరం స్కోరు కావాలో వాళ్ళు నోటిఫికేషన్‌లోనే రాస్తారు. మీకు కావలసింది ఎంటెక్ సీటు కాబట్టి రెండోసారి రాయడం వల్ల మీకు నష్టమేమీ లేదు.

ఇప్పుడు 490కి, 600కి మధ్య దూరం ఎంతో చూద్దాం. 110 అనగానే కొండంత కనిపిస్తుంది. స్కోరు లెక్క ఎలా కడతారో తెలిస్తే అంత భయం ఉండదు. జనరల్ కేటగిరీ కటాఫ్ దగ్గర ఉన్నవాళ్ళకి 350 ఇస్తారు. పేపర్లో పైనున్న 0.1 శాతం మంది లేదా మొదటి పదిమంది, ఈ రెండిట్లో ఏది ఎక్కువమంది అయితే వాళ్ళ సగటు మార్కుల దగ్గర 900 పెడతారు. మధ్యలో ఉన్నదంతా తిన్నని గీత. ఉదాహరణకి కటాఫ్ 28, పైవాళ్ళ సగటు 83 అనుకోండి. 55 మార్కుల మేర 550 స్కోరు పరుచుకుంది, అంటే మార్కుకి పది. మీ 42కి 490 రావడం ఈ లెక్కకి సరిపోతోంది కూడా. ఏటా ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ మారతాయి, సివిల్ రెండు సెషన్లలో జరిగితే నార్మలైజేషన్ (రెండు పేపర్ల కష్టంలో తేడాని సరిచేసే లెక్క) కూడా కలుస్తుంది. అయినా అంచనాకి ఇది చాలు. మీకు కావలసింది ఇంకో 11 మార్కులు.

ఆ 11 ఎక్కడున్నాయో మీరు పంపిన వివరాల్లోనే కనిపిస్తోంది. ఎంసీక్యూల్లో తప్పు పెడితే ఒక మార్కు ప్రశ్నకి మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్నకి మూడింట రెండు వంతులు కోస్తారు. మీవి ఐదూ ఎనిమిదీ కలిపితే సరిగ్గా 7 మార్కులు. మీరు సంపాదించుకున్నది 49, చేతికందింది 42. న్యాట్‌లకీ ఎంఎస్‌క్యూలకీ నెగెటివ్ లేదు. అయినా నాలుగు న్యాట్‌లు ఖాళీగా వదిలారు, మిగతా చోట్ల మాత్రం తెలియని ఆప్షన్లు నొక్కారు. నెగెటివ్ ఉన్నచోట ధైర్యం, లేనిచోట భయం చూపించారు. మొదటిసారి రాసేవాళ్ళలో ఇది చాలామందికి జరుగుతుంది. ఇది సిలబస్‌తో సంబంధం లేని లోటు. మొదటి పేజీ నుంచి ఎన్నిసార్లు చదివినా తీరదు.

అందుకే ఈ వారం కొత్త పుస్తకం ఏదీ తెరవకండి. ఫిబ్రవరి పేపరు ప్రింట్ తీసుకోండి. తప్పు పోయినవి 27, వదిలేసినవి 7, మొత్తం 34 ప్రశ్నల్నీ కీ పక్కన పెట్టేసి మళ్ళీ మీరే చేయండి. టైమ్ పెట్టుకోవద్దు. చేశాక ఒక్కోదాన్నీ మూడు కుప్పల్లో ఒకదానిలో వేయండి. అసలు ఆ కాన్సెప్టే తెలియనివి మొదటి కుప్ప. తెలుసుగానీ పరీక్షలో గుర్తుకు రానివి, లేదా టైమ్ చాలక సగంలో ఆగినవి రెండోది. తెలిసి, చేసి, చివర్లో జారిపోయినవి మూడోది. మూడో కుప్పకి 'సిల్లీ మిస్టేక్' అని పేరు పెట్టి పక్కకి నెట్టేయడం నాకు నచ్చదు. అలా పేరు పెట్టిన తప్పు వచ్చే పరీక్షలో మళ్ళీ వస్తుంది. సరిగ్గా ఏ గీత దగ్గర జారిందో ఒక నోటుబుక్కులో ఒక్క వాక్యంలో రాయాలి.

మీ 0.60 సంగతే తీసుకుందాం. ప్రశ్న పూర్తిగా రాయలేదుగానీ, వాయిడ్ రేషియో (మట్టిలో ఖాళీలకీ గట్టి రేణువులకీ ఉన్న నిష్పత్తి) లెక్కలా ఉంది. వాటర్ కంటెంట్ 20 శాతం, స్పెసిఫిక్ గ్రావిటీ 2.7, శాచురేషన్ 90 శాతం అనుకోండి. వాయిడ్ రేషియోని శాచురేషన్‌తో గుణిస్తే, వాటర్ కంటెంట్‌ని స్పెసిఫిక్ గ్రావిటీతో గుణించినంత రావాలి. 0.2 ఇంటూ 2.7 అంటే 0.54, దాన్ని 0.9తో భాగిస్తే 0.60. మీ లెక్క కరెక్టే. కానీ కీలో 0.38 ఉందంటే అడిగింది పొరాసిటీ (ఖాళీలకీ మొత్తం మట్టి పరిమాణానికీ ఉన్న నిష్పత్తి) అయివుండాలి. 0.60ని 1.60తో భాగిస్తే 0.375, రెండు దశాంశాలకి సవరిస్తే 0.38. ఎన్నిసార్లు చేసినా మీకు 0.60 రావడానికి కారణం, ప్రతిసారీ మీరు లెక్కనే సరిచూసుకున్నారు, ప్రశ్న చివరి వాక్యాన్ని మళ్ళీ చదవలేదు. ఇప్పుడు నోటుబుక్కులో రాయాల్సింది "జాగ్రత్తగా ఉండాలి" అని కాదు. "లెక్క మొదలుపెట్టే ముందు, ఏం అడిగారో, ఏ యూనిట్‌లో, ఎన్ని దశాంశాలకో రఫ్ ప్యాడ్ మీద రాసి గుండ్రం చుట్టాలి" అని. అది చేయదగిన పని. ప్రతి న్యాట్‌కీ చేయండి. పట్టేది నాలుగైదు సెకన్లు.

ఇలాంటి మలుపులు సివిల్‌లో ప్రతి సబ్జెక్టులోనూ ఉన్నాయి. బీఓడీ (మురుగు కుళ్ళడానికి కావలసిన ఆక్సిజన్) లెక్కలో రేటు కాన్‌స్టెంట్ సహజ లాగరిథమ్ ఆధారంగా ఇచ్చారా, పది ఆధారంగా ఇచ్చారా చూడాలి. రోజుకి 0.23 అన్నా, రోజుకి 0.1 అన్నా దాదాపు ఒకటే వేగం, ఆధారం మారిందంతే. ఇదే గమనించక సూత్రం మొత్తం సరిగ్గా వేసి కూడా మార్కులు పోగొట్టుకుంటారు. స్టాపింగ్ సైట్ డిస్టెన్స్ (బండి ఆపడానికి ముందు కనిపించాల్సిన రోడ్డు దూరం) లెక్కలో 0.278, 254 అనే అంకెలు వేగం గంటకి కిలోమీటర్లలో ఉంటేనే పనిచేస్తాయి. స్క్రీన్ మీద ఇచ్చే కాలిక్యులేటర్లో డిగ్రీ, రేడియన్ ఏది ఆన్‌లో ఉందో చూసుకోవాలి. మీ నోటుబుక్కులో ఇవన్నీ మీ సొంత తప్పుల రూపంలో చేరాలి. వేరేవాళ్ళ జాబితా మీకు పెద్దగా పనికిరాదు.

"నోట్సు తెరిస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాయి" అన్నారు చూశారా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట అది. రెండోసారి రాసేవాళ్ళకి ఉన్న పెద్ద ప్రమాదం అదే. మొదటిసారి చదివేటప్పుడు తెలియనిది తెలియనట్టే కనిపిస్తుంది. రెండోసారి మీ చేతిరాత, మీరు పసుపు రంగు గీసిన వాక్యాలు, ఆ పేజీ మూలలో వేసిన బొమ్మ అన్నీ పరిచయమే. ఆ పరిచయాన్ని మనసు జ్ఞానంగా లెక్కేసుకుంటుంది. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీని మీద ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు ఒకసారి చదివి మూసేసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్ళకి చాలా ఎక్కువ గుర్తుంది. మీకు పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు, ఎనిమిది నెలల్లో ఉంది.

కాబట్టి చదివే క్రమం తిరగేయండి. సబ్జెక్టు మొదలుపెట్టేటప్పుడు నోట్సు మూసి ఉంచాలి. తెల్ల కాగితం మీద ఆ అధ్యాయంలో గుర్తున్న సూత్రాలు, అవి ఏ షరతుల మీద పనిచేస్తాయో రాయండి. తర్వాత ఆ అధ్యాయం మీద వచ్చిన పాత గేట్ ప్రశ్నలు చేయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడికి మాత్రమే నోట్సు తెరవండి. అర్థం కాని చోట ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్) పాఠాల్లో ఆ ఒక్క లెక్చర్ చూడండి, అవి ఉచితం. మొదట చిరాకుగా ఉంటుంది. చదివిందే రావట్లేదేంటి అని ఏడుపు కూడా వస్తుంది. ఆ చిరాకు పడుతున్న గంటే పనికొచ్చే గంట, దాన్ని తప్పించుకోవడానికి వీడియోల్లోకి వెళ్ళిపోకండి.

పాత పేపర్ల గురించి ఒక మాట. ఎంఎస్‌క్యూలు 2021 నుంచే వచ్చాయి. అంతకుముందు పేపర్లు ఎన్ని చేసినా వాటి అలవాటు రాదు. ఎంఎస్‌క్యూలో సరైనవన్నీ ఎంచాలి, తప్పుది ఒక్కటి కూడా ఉండకూడదు, సగం మార్కులు ఇవ్వరు. మీ 14 తప్పుల్లో ఇవి ఎన్నో విడిగా లెక్కపెట్టండి. ప్రాక్టీసుకి పాత థియరీ ఎంసీక్యూలే వాడుకోవచ్చు. జవాబు దొరకగానే ఆగిపోకుండా నాలుగు ఆప్షన్లనీ విడివిడిగా తీసుకుని, ఇది నిజమా, అబద్ధమా, ఎందుకు అని తేల్చండి. ఒక ప్రశ్న నాలుగు ప్రశ్నల పెట్టు అవుతుంది.

ఇక ఊహించి పెట్టడం. 'తెలియకపోతే ముట్టుకోవద్దు' అని కోచింగుల్లో చెప్తారు, 'ఏదో ఒకటి కొట్టెయ్' అని హాస్టల్లో చెప్తారు. లెక్క వేసి చూడండి. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా కొడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు, సున్నా. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తేల్చేశాక మిగతా మూడిట్లో కొడితే సగటున మార్కుకి తొమ్మిదో వంతు లాభం. రెండు తేల్చేస్తే మూడో వంతు. అంటే కచ్చితంగా కొట్టేయగలిగిన ఆప్షన్ ఉందా లేదా అన్నదే నిర్ణయించాలి. చిక్కేమిటంటే గేట్ పేపర్ పెట్టేవాళ్ళు మనం చేసే తప్పులకి వచ్చే జవాబుల్ని ఆప్షన్లలో పెడతారు, కాబట్టి 'ఇదేమో' అనిపించేది చాలాసార్లు వల. మీ ఊహ మీద మీకెంత నమ్మకం పెట్టుకోవచ్చో మీకే తెలియాలి. అందుకని ప్రతి మాక్‌లో ఎంసీక్యూ జవాబు పక్కన రఫ్ ప్యాడ్ మీద ఖాయం, సగం, గుడ్డి అని మూడిట్లో ఒకటి రాసుకోండి. ఐదారు టెస్టులయ్యాక 'సగం' అని రాసినవాటిలో ఎన్ని మిగిల్చాయో, ఎన్ని ముంచాయో లెక్క కట్టండి. ఆ అంకె చెప్పినట్టు చేయండి. న్యాట్, ఎంఎస్‌క్యూ మాత్రం ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దు.

సబ్జెక్టుల పంపకం గురించి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. మీకు స్ట్రక్చర్స్ ప్రాణం. ఎంటెక్‌లో అదే చదువుతారు. కానీ ఆ సీటు స్ట్రక్చర్స్ ఒక్కదానితో రాదు. పేపర్లో ఆప్టిట్యూడ్ 15, మ్యాథ్స్ 13 పోగా మిగిలిన 72 మార్కుల్ని స్ట్రక్చర్స్, జియోటెక్, వాటర్ రిసోర్సెస్, ఎన్విరాన్‌మెంటల్, ట్రాన్స్‌పోర్టేషన్, జియోమాటిక్స్ పంచుకుంటాయి. ఇప్పటికే బాగా వచ్చిన చోట ఇంకో నెల పెడితే ఒకటో రెండో మార్కులు పెరుగుతాయి. ఖాళీగా ఉన్నచోట అదే నెల పెడితే ఎన్నో రెట్లు వస్తుంది. వచ్చే మూడు నెలలు స్ట్రక్చర్స్ పుస్తకం ఆదివారం సాయంత్రానికి మాత్రమే ఉంచుకోండి. పోదు, మీకు బాగా వచ్చిన సబ్జెక్టు అది.

లెవెలింగ్ లెక్క వదిలేశానన్నారు, అక్కడ మాత్రం బాధేసింది. రోజూ సైట్‌లో ఆటో లెవెల్ పెట్టించి స్లాబు షట్టరింగ్ లెవెల్స్ చూసేది మీరే కదా. బెంచ్ మార్క్ మీద స్టాఫ్ పెట్టి బ్యాక్ సైట్ తీసి, దాన్ని ఆర్‌ఎల్‌కి (అక్కడి ఎత్తు) కలిపితే హైట్ ఆఫ్ ఇన్‌స్ట్రుమెంట్, అందులోంచి ఫోర్ సైట్ తీసేస్తే కొత్త పాయింట్ ఆర్‌ఎల్. మీ ఫోర్‌మన్ నోటితో చేసే లెక్క ఇది. పరీక్షలో దానికి పట్టిక రూపం వచ్చేసరికి కొత్తగా కనిపించింది. వీలైతే ఇకనుంచి సైట్ లెవెల్ బుక్కు మీరే రాయండి, చివర్లో బ్యాక్ సైట్ల మొత్తంలోంచి ఫోర్ సైట్ల మొత్తం తీసి సరిచూడండి. జియోమాటిక్స్ సిలబస్ చిన్నది. ట్రావర్సింగ్, కర్వ్‌లు, ఫోటోగ్రామెట్రీ స్కేలు లెక్కలు కలుపుకున్నా మీకున్న టైమ్‌లో నెలలో అవుతుంది. మొదట దీన్నే పట్టుకోండి. తర్వాత ఎన్విరాన్‌మెంటల్.

మ్యాథ్స్ 13లో 5 అంటే అక్కడ కూడా కనీసం నాలుగు మార్కులు ఎదురుచూస్తున్నాయి. ఇది అన్ని బ్రాంచిల వాళ్ళూ చెప్పే మాటే కాబట్టి సాగదీయను. ఐగెన్ విలువలు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ప్రాబబిలిటీ, న్యూమరికల్ మెథడ్స్, వీటిని రోజుకి అరగంట చొప్పున ఫిబ్రవరి దాకా వదలకుండా చేయండి. ఆప్టిట్యూడ్‌కి విడిగా పుస్తకాలు వద్దు. అన్ని బ్రాంచిల గత ఐదేళ్ళ ఆప్టిట్యూడ్ ప్రశ్నలు చేస్తే చాలు.

టెస్టుల దగ్గర లోభం పనికిరాదు, దుబారా అంతకంటే పనికిరాదు. సెప్టెంబర్ నుంచి రెండు వారాలకి ఒక పూర్తి పేపర్, డిసెంబర్ నుంచి వారానికి ఒకటి. ఆదివారం పొద్దున 9:30కి కూర్చుని 12:30కి లేవాలి, గేట్ ఉదయం సెషన్ వేళలు అవే. కొన్నిసార్లు మధ్యాహ్నం 2:30 నుంచి కూడా రాయండి, మీకు ఏ సెషన్ పడుతుందో ముందు తెలియదు. చేతి కాలిక్యులేటర్ ఈ రోజు నుంచి అలమరాలో పెట్టేయండి. స్క్రీన్ మీది వర్చువల్ కాలిక్యులేటర్‌తో మౌస్ నొక్కుతూ చేయడం నెమ్మది, ఆ నెమ్మదికి అలవాటు పడాలి. మొదటి గంటా పావులో చూడగానే దారి తెలిసినవన్నీ చేసేయండి. దారి తెలుసుగానీ లెక్క పొడవైనవి రెండో చుట్టుకి. జవాబు ఇచ్చి మార్క్ ఫర్ రివ్యూ పెట్టినా దాన్ని దిద్దుతారు, భయపడనక్కర్లేదు. సేవ్ చేయకుండా వేరే ప్రశ్నకి వెళ్ళిపోతే మాత్రం ఆ జవాబు లెక్కలోకి రాదు. మధ్యాహ్నం భోంచేశాక మూడు కుప్పల పని. టెస్టుకి మూడు గంటలైతే దీనికి కనీసం నాలుగు పడుతుంది. అంత టైమ్ లేని వారం టెస్ట్ రాయకపోవడమే మేలు.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. మీకు కావలసింది 11 మార్కులు, అందులో సగానికి పైగా పరీక్ష రాసే పద్ధతిలో ఉన్నాయి. దానికి పొద్దున రెండు గంటలు, ఆదివారం మొత్తం చాలు. ఐదింటికి లేచి ఏడింటి దాకా చదవండి. సైట్ నుంచి దుమ్ముకొట్టుకుని వచ్చాక రాత్రి చదువుతానని పెట్టుకుంటే నిలబడదు, రాత్రి అరగంట ఆ రోజు తప్పుల నోటుబుక్కు తిరగేసి పడుకోండి. ఇంకో కోచింగ్ కూడా వద్దు. ఏడాది పాఠాలు విన్నారు, వినడంలో మీకు లోటు లేదు. ఆ డబ్బులో చిన్న భాగంతో ఒక మంచి టెస్ట్ సిరీస్ కొనుక్కుని, మిగతాది జనవరి కోసం దాచండి. పరీక్ష ముందు నాలుగైదు వారాలు జీతం లేని సెలవు దొరుకుతుందేమో ఇప్పుడే మీ ప్రాజెక్ట్ మేనేజర్‌ని అడిగి ఉంచండి. స్లాబు వేసే రోజుల్లో వెళ్ళి అడగకండి.

అప్లికేషన్లు సాధారణంగా ఆగస్టు చివర్లో మొదలవుతాయి. రిజర్వేషన్ ఉంటే, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికేట్లకి కౌన్సెలింగ్‌లో తేదీ చూస్తారు, ఆర్థిక సంవత్సరం మారగానే ఏప్రిల్‌లో కొత్తవి తీసుకోండి. ఎన్‌ఐటీ సీట్లు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా, ఐఐటీ ఆఫర్లు కోప్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వస్తాయి. వరంగల్ స్ట్రక్చరల్‌కి మీ కేటగిరీలో గత రెండు మూడేళ్ళలో చివరి రౌండ్‌లో ఏ స్కోరు దగ్గర ఆగిందో సీసీఎంటీ సైట్‌లోనే ఉంటుంది. 600 అన్న అంకె మీరు ఎక్కడినుంచి తీసుకున్నారో రాయలేదు, దాన్ని అక్కడ సరిచూసి లక్ష్యం మార్చుకోండి. దానితో పాటు సూరత్‌కల్, తిరుచ్చి, కాలికట్ ఎన్‌ఐటీలు కూడా చూడండి. గేట్ క్వాలిఫై అయినవాళ్ళకి మన రెండు రాష్ట్రాల పీజీఈసెట్ (రాష్ట్ర ఎంటెక్ ప్రవేశ) కౌన్సెలింగ్‌లో కూడా ముందు వరస ఉంటుంది. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, ఇంట్లో ఖర్చు గురించి మాట వస్తే ఈ సంగతి చెప్పండి.

అక్టోబర్ చివరికి మీవి నాలుగు పూర్తి టెస్టులు అయివుంటాయి. నాలుగిట్లోనూ నెగెటివ్‌లో ఎంత పోయిందో, మూడు కుప్పల్లో ఎన్నెన్ని పడ్డాయో రాసి పంపండి. మూడో కుప్ప తగ్గి మొదటి కుప్ప మాత్రమే మిగిలితే ఉద్యోగం డిసెంబర్‌లోనే మానడం గురించి ఆలోచించవచ్చు. అది ఆ అంకెలు చూశాక మాట్లాడుకుందాం.